మావు పెట్టిన చోటు

సునామీ వచ్చినప్పుడు మేం అడవిలో గడిపిన తొమ్మిది రోజుల గురించి చాలామందికి చాలాసార్లు చెప్పాను. స్టాఫ్ రూములో చెప్పాను, చాతం నుంచి బంబూఫ్లాట్ వెళ్ళే ఫెర్రీలో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పాను, క్లాసులో పాఠం సాగనప్పుడు పిల్లలకూ చెప్పాను. ఎప్పుడు చెప్పినా అందులోంచి ఒక సంగతి తీసేసి చెప్పాను. చివరి రెండు రోజులు చేపలు పట్టే అల్లిక బుట్టను, అంటే మావును, ఎక్కడ పెట్టానన్న సంగతి అది. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను సర్దిచెప్పుకునేవాణ్ణి. అదీ అబద్ధమే. ఒకసారి ఒకాయన అందరి ముందూ అడిగాడు. నేను నోరు విప్పలేదు.

పోయిన నెల పోర్ట్‌బ్లెయిర్ దగ్గర గరాచర్మలో మా ఇంటి వరండాలో కూర్చుని ఉంటే మా అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చింది. అడవిలో ఒంటరిగా చిక్కుకుంటే ఎలా బతకాలో చూపించే వీడియో. ఎవరో విదేశీయుడు, గడ్డం పెంచుకున్న మనిషి, తీగలూ పుల్లలూ కోసి చేపల బుట్ట అల్లుతున్నాడు. "నాన్నా, నువ్వు చేసింది ఇదే కదా? అమ్మమ్మా, దేఖో నా, నాన్న కూడా ఇలాగే చేశాడు" అంటూ ఫోన్ మా అత్తయ్య కళ్ళ దగ్గర పెట్టింది. అత్తయ్యకు ఎనభైకి దగ్గర పడుతున్నాయి. రొయ్యలు ఒలుస్తున్న చెయ్యి ఆపి, కళ్ళు చిట్లించి, మొత్తం చూసింది. "గొంతు అంత వెడల్పు పెట్టాడేంటే? వచ్చిన చేప వచ్చినట్టే పోద్ది" అని మళ్ళీ రొయ్యల మీద పడింది. నాన్న చేశాడన్న మాటకు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మావు అల్లింది ఆమె. నేను అల్లానని మా అమ్మాయికి ఎవరు చెప్పారో అప్పుడు వెతుక్కున్నాను. నేనే చెప్పి ఉంటాను. మొదట్లో 'మేం అల్లుకున్నాం' అనేవాణ్ణి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ 'మేం' అరిగి 'నేను' అయింది.

అప్పట్లో మేం గ్రేట్ నికోబార్‌లో, క్యాంప్‌బెల్ బేకి దక్షిణంగా పోయే రోడ్డు మీద ఒక సెటిల్‌మెంట్లో ఉండేవాళ్ళం. ఊరికి సర్కారు పెట్టిన పేరొకటి ఉన్నా అందరూ కిలోమీటరు రాయి లెక్కతోనే పిలిచేవాళ్ళు. మిలటరీలో పనిచేసి వచ్చినవాళ్ళకు భూములిచ్చి కూర్చోబెట్టిన ఊరది. పంజాబీలూ మరాఠీలూ తమిళులూ మనవాళ్ళూ ఉండేవారు. మా మామగారు అలా వచ్చినవారే. నేను అక్కడి బడికి మాస్టారుగా వెళ్ళి ఆయనకు అల్లుణ్ణయ్యాను. సునామీ నాటికి ఆయన లేరు. అత్తయ్య పుట్టిల్లు కొల్లేటి లంకల్లో ఒక ఊరు. నీళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనిషి. అయినా సముద్రమంటే ఆమెకు పెద్ద గౌరవం ఉండేది కాదు. "ఇంత నీరుండి ఏం లాభమండీ, గుక్కెడు తాగడానికి లేదు" అనేది.

ఆ ఆదివారం పొద్దున భూమి ఊగింది. తర్వాత నీరు వచ్చింది. నీటి గురించి ఇప్పుడు రాయను. గుట్ట ఎక్కి వెనక్కి చూస్తే ఊరున్న చోట ఊరు లేదు. పైకి చేరినవాళ్ళం నలభై మందిమి. మా మూడేళ్ళ పాప నా మెడ పట్టుకుని ఉంది, నా భార్య పక్కన ఉంది, అత్తయ్య చీర మోకాలి దాకా చిరిగి ఉంది. రేషన్ షాపు నడిపే అన్నయ్య ఒక్కడే వచ్చాడు. విజయనగరం వైపు మనిషి. మా అందరికీ అన్నయ్యే. వదిన వెనకాల వస్తోందనుకున్నాడట. ఆ రోజంతా కనిపించిన ప్రతివాణ్ణీ అదే మాట అడిగాడు. రెండో రోజు నుంచి అడగడం మానేశాడు.

రోడ్డు కొట్టుకుపోయింది. అడవిలోనే ఆగాం. కొబ్బరికాయలు దొరికాయి గాని కొబ్బరి మీద పిల్లలు ఎన్ని రోజులుంటారు? మూడో రోజున నేను లుంగీ విప్పి, లోపలి నిక్కరుతో, వాగులో చేపలు పట్టడానికి దిగాను. లుంగీ ఒక కొస నేనూ ఒక కొస నా భార్యా పట్టుకుని గంటసేపు నీళ్ళు కలియబెట్టాం. ఒక ఆకు, ఒక పీత. గట్టు మీద కూర్చున్న అన్నయ్య, అంత దుఃఖంలోనూ, "ఏం మాస్టారూ, మచ్చీకి కూడా హాజరీ వేస్తున్నారా? ఒక్కటీ ప్రెజెంట్ సార్ అనట్లేదు!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ కొండ మీద మేం మొదటిసారి నవ్వింది అప్పుడే.

అత్తయ్య నవ్వలేదు. ఒక సర్దార్జీ దగ్గర నడుముకు కట్టుకున్న కత్తి మిగిలి ఉంది. అది అడిగి తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని పొదల్లోకి నడిచింది. "మా ఊళ్ళో అయితే వెదురు బద్దలతో అల్లుతామండీ మావు. ఇక్కడ వెదురేది? బెత్తం ఉందిగా, చాలు." బెత్తం తీగ పైన ముళ్ళ తొడుగు ఉంటుంది. దాన్ని కత్తి వెన్నుతో గీకి, తీగను నాలుగుగా చీల్చి, చీరికల్ని నీళ్ళలో నానేసింది. లావుపాటి తీగను వంచి మూడు చక్రాలు కట్టింది. వాటి చుట్టూ సన్నటి బద్దల్ని వేలు దూరనంత దగ్గరగా పేర్చి, చెట్టు నారతో బిగించింది. ఒక కొస మూసేసింది. రెండో కొసన లోపలికి దిగే గరాటు అల్లింది. గరాటు చివర బద్దల్ని వాడిగా చెక్కి, ఒకదానికొకటి దాదాపు తగిలేట్టు లోపలికి వంచి వదిలింది. దాన్నే గొంతు అంటారట. వెళ్ళే చేపకు బద్దలు విడిపోయి దారిస్తాయి, తిరిగొచ్చే చేపకు ముళ్ళై ఎదురు నిలుస్తాయి. ఆమె వేళ్ళు చూస్తూ కూర్చున్నాను. పాతికేళ్ళుగా చెయ్యని పని, ఒక్కచోట కూడా తడుముకోలేదు. పొద్దు వాలేసరికి నడుమెత్తు మావు తయారైంది.

ఆమెకు మోకాళ్ళ నొప్పి. వాగులోకి దిగే చోట జారుడు. అందుకని సాయంత్రం మావు పెట్టి పొద్దున్నే ఎత్తే పని నాకు వచ్చింది. ఎక్కడ పెట్టాలో తనే చూపించింది. ఊట నీరు దిగివచ్చే పై మలుపులో రాళ్ళు రెండు వరసలుగా పేర్చి, మధ్యలో సందు వదిలి, ఆ సందులో మావు ఇరికించాలి. లోపల నలగ్గొట్టిన పీతలూ కొబ్బరి ముక్కలూ వెయ్యాలి. షరతు ఒకటే. "కిందికి మాత్రం పోవద్దు బాబూ. ఉప్పునీరు ఎక్కే చోటు వద్దు. సముద్రం మైల మీదుంది. పదకొండో రోజు దాటేదాకా అందులో చేప మనం ముట్టకూడదు." మనుషులు చచ్చిపోతే ఇంటికి మైల అంటారని తెలుసు. సముద్రానికి అంటుతుందని అప్పుడే విన్నాను. సైన్సు మాస్టార్ని కదా, మనసులో నవ్వుకున్నాను. పైకి సరేనన్నాను.

మొదటి రెండు పొద్దులూ మావు బరువుగా లేచింది. చిన్న చేపలు, రొయ్యలు, ఒకసారి చెయ్యంత మలుగుపాము చేప. అత్తయ్య వాటిని ఆకుల్లో చుట్టి నిప్పుల మీద కాల్చి, పిల్లలకు ముందు, తర్వాత ముసలివాళ్ళకు, ఆఖర్న తనకు, ముళ్ళు తీసి తన చేత్తో పెట్టేది. అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని బతిమాలి తినిపించేది. "పిన్నీ, నీ చెయ్యి సల్లగుండాల" అనేవాడు ఆయన. తర్వాత వాగు ఖాళీ అయింది. చిన్న వాగు, నలభై కడుపులు. ఆరో రోజు మావులో రెండు రొయ్యలున్నాయి. పాపకు జ్వరం. ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరికే నోరు తెరుస్తోంది.

ఆ సాయంత్రం మావు భుజాన వేసుకుని కిందికి నడిచాను. వాగు సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఇవతల, మొగలి వేళ్ళు నీళ్ళలోకి దిగి ఉన్న చోట పెట్టాను. అటూ ఇటూ చూడలేదు. చూస్తే ఏం కనబడుతుందో నాకు తెలుసు, అందుకే చూడలేదు. ఇంతకంటే నిజంగా ఆ సంగతి చెప్పలేను. పొద్దున మావు ఒక్కణ్ణే ఎత్తలేకపోయాను. వెండిలా మెరిసే పెద్ద చేపలు. "ఇన్ని ఎక్కడివి బాబూ?" అంది అత్తయ్య. "పైన వాన పడినట్టుంది, కొట్టుకొచ్చాయి" అన్నాను. నమ్మింది. అందరూ కడుపునిండా తిన్నారు. పాప తిని నిద్రపోయింది. ఆ సాయంత్రం కూడా మావు అక్కడే పెట్టాను.

ఎనిమిదో రోజు పొద్దున పాపకు జ్వరం హెచ్చి, మావు ఎత్తడానికి వెళ్ళడం ఆలస్యమైంది. ఈలోగా అన్నయ్య కొబ్బరికాయల కోసం కిందికి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన భుజం మీద మావు ఉంది. నీళ్ళు కారుతున్నాయి, లోపల చేపలు కొట్టుకుంటున్నాయి. దాన్ని తెచ్చి అత్తయ్య ముందు పెట్టాడు.

"వాగు మొగదల ఉంది ఇది. ఆ మొగలి వేళ్ళల్లో మనోళ్ళు ఉన్నారు, పిన్నీ. నలుగురో అయిదుగురో. మొహాలు తెలీట్లేదు." మా అందరి వైపూ తిరిగాడు. మళ్ళీ అన్నాడు. "ఎవరు పెట్టారక్కడ?"

అత్తయ్య నా వైపు చూసింది. అరనిమిషం ఉంటుందేమో. నా భార్య కూడా చూసింది. నేను పాప నుదుటి మీద తడిగుడ్డ సరిచేశాను. అది సరిగ్గానే ఉంది.

"నేనే పెట్టించానండీ" అంది అత్తయ్య. "చంటిది అల్లాడిపోతోందని."

"నిన్న మాకు తినిపించింది ఇందులోవేనా?"

ఆమె తలూపింది. వెనకాల ఎవరో వాంతి చేసుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు. అన్నయ్య మాత్రం చేసుకోలేదు. మావును కాలితో తొక్కి, పుల్ల పుల్లా విరిగేదాకా తొక్కి, అడవిలోకి వెళ్ళిపోయాడు. మరునాడు మమ్మల్ని తీసుకుపోవడానికి మనుషులు వచ్చేదాకా అత్తయ్యతో ఎవరూ మాట్లాడలేదు.

ఆకలికి చేసిన పనిని నేనిప్పటికీ పెద్ద తప్పనుకోను. ఆ చేపల వల్ల ఎవరికీ జబ్బు చెయ్యలేదు, పాప బతికింది. కాని అది నా పని. దాన్ని ఆమె పనిగా మిగల్చడమే తప్పు. తర్వాత రెండేళ్ళకు పైగా రేకుల షెల్టర్లలో అందరం గోడకు గోడ ఆనుకుని బతికాం. అత్తయ్య పక్కింటికి గిన్నెలో కూర పంపితే గిన్నె కూరతోనే తిరిగి వచ్చేది. "పేట్ భర్ గయా, మాజీ" అని, కడుపు నిండిందని, మర్యాదగానే చెప్పేవాళ్ళు. పెళ్ళి వంటకు ఆడవాళ్ళంతా కూరలు తరుగుతుంటే ఆమె ముందున్న పీటా కత్తీ ఎవరో నెమ్మదిగా తీసుకునేవారు. అన్నయ్య అయితే ఆమె ఎదురొస్తే వీధి మార్చేవాడు. నలభై మందికి ముళ్ళు తీసి తినిపించిన చెయ్యి అది. ఒకరోజు నా భార్య, "మీరు చెప్పకపోతే నేను చెప్తాను" అంది. అత్తయ్య కూతురి మీద అరిచింది, "నీ మొగుడు పిల్లలకు పాఠం చెప్పుకునేవాడే, ఆయన మాట పోతే ఎట్టాగే?" నేను గోడ ఇవతలి నుంచి విన్నాను. విని, ట్రాన్స్‌ఫర్‌కు దరఖాస్తు పెట్టుకున్నాను.

వీడియో చూసిన వారానికి అన్నయ్య కంటి ఆపరేషన్ కోసం ఓడలో పోర్ట్‌బ్లెయిర్ వచ్చాడు. ఊరివాళ్ళు ఎవరొచ్చినా మా ఇంటికి ఒకసారి వస్తారు. అత్తయ్య ఆయన గొంతు వినగానే అలవాటుగా లేచి లోపలికి వెళ్ళింది, ఆయన ఇబ్బంది పడకూడదని. వరండాలో కుర్చీలో కూర్చున్నాడు, కంటికి పచ్చ గుడ్డ. రంగత్‌లో కూతురి కాపురం గురించి, ఓడ టిక్కెట్ల గురించి మాట్లాడాడు. నేను మధ్యలో ఆపి చెప్పేశాను. మావు కిందికి మార్చింది నేనని, ఆమెకు తెలియదని, తెలియకే వండిందని. చెప్తుంటే నా గొంతు తరగతిలో ఎక్కం అప్పజెప్పేవాడిలా ఉంది.

ఆయన, "ఇప్పుడా మాస్టారూ చెప్పడం?" అన్నాడు. కర్ర తీసుకుని లేచాడు. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నాడు. మెట్లు దిగి, ఒక కన్నుతో దారి వెతుక్కుంటూ, బస్టాపు వైపు వెళ్ళిపోయాడు.

తిరిగి చూస్తే తలుపు దగ్గర అత్తయ్య ఉంది. అంతా విన్నట్టుంది. మెచ్చుకుంటుందనుకున్నాను కాబోలు, కొంచెం తల ఎత్తాను.

"పాపం, ఇన్నేళ్ళూ ఒక మనిషి మీద కోపం పెట్టుకుని నెట్టుకొచ్చాడు. ఈ వయసులో దాన్ని ఇంకొకళ్ళ మీదికి మార్చుకోవాలంటే ఎంత కష్టమండీ" అంది. తర్వాత గుమ్మానికి ఆనుకుని, నన్ను సూటిగా చూసింది. ఆ కొండ మీద చూసిన తర్వాత ఆమె నన్ను అలా చూడటం మళ్ళీ ఇదే. "ఆయనతో చెప్పారు, బాగానే ఉంది. మరి నాతో ఎప్పుడైనా చెప్పారా?"

చెప్పలేదు. ఒక్కసారి కూడా. ఆమెకు తెలుసు కాబట్టి చెప్పనక్కర్లేదనుకున్నాను. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీది వంట తింటూ, ఇరవయ్యేళ్ళు అలాగే అనుకున్నాను. ఆ కొండ మీద నాకు అరనిమిషం వ్యవధి దొరికింది. దాన్ని పోగొట్టుకున్నాక ఇన్ని వేల రోజులు దొరికాయి, కాని వాటన్నిటినీ కలిపినా ఆ అరనిమిషం అంత పొడుగు లేవని ఆ గుమ్మం ముందు నిలబడ్డాక తెలిసింది.

"అత్తయ్యా," అన్నాను, "తప్పు నేను చేశాను. నింద మీ మీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. మీరు అల్లిన మావును కూడా నాదని చెప్పుకున్నాను. నన్ను క్షమించండి."