ముప్పై ఎనిమిది మంది పొరుగువాళ్ళు

ఆఫీసులో ఆయన్ని అందరూ బాబాయి అంటారు. కన్న పిల్లలు లేరు, అన్న పిల్లలూ లేరు, అయినా మూడో అంతస్తు మొత్తానికీ ఆయన బాబాయే. వయసు యాభై నాలుగు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని దానికోసం బల్లంతా వెతికే రకం. పెళ్ళి మాట వచ్చిన రెండుసార్లూ ఎక్కడో ఒక ఇంటర్నెట్ లైను పడిపోయి ఆయన అటు పరిగెత్తాడు, తరవాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ కంపెనీ పని ఊరికి ఇంటర్నెట్ ఇవ్వడం. బాబాయి పని దాని గుమ్మం దగ్గర కాపలా. గుమ్మమంటే తలుపులూ గడపా కాదు. చల్లటి గదిలో, ఇనప బీరువాలో బిగించిన రెండు రౌటర్లు. బయటి నెట్‌వర్కులన్నీ వచ్చి తగిలేది వాటికే. ప్రతి నెట్‌వర్కూ తన పక్కదానితో "ఫలానా చిరునామాలకి నా మీదుగా వెళ్ళొచ్చు" అని చెబుతూ ఉండాలి. అలా చెప్పుకునే పద్ధతికి బీజీపీ అని పేరు. అలా మాటలున్న ప్రతి నెట్‌వర్కునీ వాళ్ళ భాషలో పొరుగువాడంటారు. బాబాయికి ముప్పై ఎనిమిది మంది పొరుగువాళ్ళు. ఎవరికి ఏం చెప్పాలి, ఎవరి మాట ఎంతవరకు నమ్మాలి, ఎవడైనా పూనకం వచ్చినట్టు వాగితే ఎక్కడ నోరు మూయించాలి, ఇదంతా రౌటర్లలో ఒక్కొక్కరి పేరునా పదకొండు వరసల ఆదేశాలు. మొత్తం నాలుగు వందల పద్దెనిమిది. అన్నీ ఆయన స్వయంగా టైపు కొట్టినవే.

మొదట్లో ఆయన కేబుళ్ళు లాగే పనివాడు. గోడలకి రంధ్రాలు వేస్తూ, అటకలెక్కుతూ, మధ్యాహ్నం టీ తాగే వేళ ఎవరో పారేసిన పుస్తకం జిరాక్సు కాగితాలు చదివి ఈ విద్య నేర్చాడు. గురువు లేకుండా నేర్చుకున్నవాడికి రెండు గుణాలు వస్తాయి. నేర్చింది మరిచిపోడు. ఇంకొకరికి చెప్పడు. చెప్పకూడదని కాదు, చెప్పాల్సిన పనేముందని. "ఎక్కడైనా రాసి పెట్టారా?" అని ఎవరైనా అడిగితే వేలితో తల మీద తట్టి చూపించేవాడు. ఆ తట్టడంలో కొంచెం గర్వం ఉందని ఒప్పుకోవాలి. అందుకే పంతొమ్మిదేళ్ళలో రెండు రోజులకి మించి సెలవు పెట్టలేదు.

ఆయనకి ఉన్నదల్లా ఒక అక్క. రైల్లో ఏడు గంటల దూరంలో ఇంకో ఊళ్ళో ఉంటుంది. నాలుగు మిషన్లతో బడి యూనిఫారాలు కుట్టే కొట్టు నడుపుతుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆవిడే. బావ పోయినప్పుడు బాబాయి వెళ్ళాడు, కాదనడానికి లేదు. కాని వచ్చినవాళ్ళంతా ముందుగదిలో కూర్చుని ఉంటే, ఆయన వెనకగదిలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని మూడు గంటలు ఏదో పడిపోయిన లైను లేపాడు. అక్క అప్పుడు ఏమీ అనలేదు. ఆవిడ అనకపోతేనే భయం.

ఆ అక్క ఒక సోమవారం ఫోన్ చేసింది.

"ఒరే, వచ్చే గురువారం నాకు గుండె ఆపరేషనట. వాల్వు మారుస్తారట. పది రోజులు వచ్చి నా దగ్గర ఉండు."

"వస్తానే."

"ఆ ల్యాప్‌టాప్ పెట్టె తేకు. పెట్టెతో వచ్చేట్టయితే అసలు రాకు."

ఆవిడ ఆయన్ని ఏదైనా అడగడం ఊహ తెలిశాక అదే మొదలు. బాబాయి ఫోన్ పెట్టేసి తిన్నగా మేనేజరు గదికి వెళ్ళాడు.

"పది రోజులా! మీరు లేకుండానా?" అన్నాడు మేనేజరు. బాబాయికి అది పొగడ్తలా వినిపించింది. మేనేజరు పొగడలేదు. "రెండేళ్ళ నుంచీ చెబుతున్నాను, మీ పొరుగువాళ్ళని గ్రూపుల్లో పెట్టండని. అది ఆదివారానికి పూర్తయితే మంగళవారం బయల్దేరండి. కాకపోతే నేను సంతకం పెట్టలేను. మీకేమైనా అయితే ఊరు చీకటైపోతుంది."

గ్రూపుల సంగతి మొదట ఎత్తింది రెండో ఇంజనీరు. ముప్పై ఒక్క ఏళ్ళ అమ్మాయి, నాలుగేళ్ళ కూతురు ఉంది, మాట సూటిగా ఉంటుంది. ఆమె లెక్క ప్రకారం ఆ ముప్పై ఎనిమిది మందీ మూడే రకాలు. మనకి లోకం మొత్తానికి దారి చూపే పెద్ద కంపెనీలు రెండు. మనతో సమానంగా ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు పన్నెండు మంది. మన దగ్గర లైను తీసుకున్నవాళ్ళు ఇరవై నలుగురు. నియమాలు గుంపుకి ఒక్కసారి రాస్తే చాలు. ఆ పైన ఒక్కొక్కరి పేరున "ఇతను ఫలానా గుంపు" అని ఒక్క వరస.

"అందర్నీ ఒకే గాటన కడితే ఎలా అమ్మా?" అన్నాడు బాబాయి.

"మీరు ఇరవై నలుగురికి ఇరవై నాలుగు పొయ్యిలు వెలిగిస్తున్నారు బాబాయ్. వంట మాత్రం ఒక్కటే. ఒక్క సంగతి చూసుకోవాలంతే. వాళ్ళు మనకి చెప్పేదాంట్లో తేడాలున్నా సర్దుకోవచ్చు. మనం వాళ్ళకి చెప్పేది మాత్రం గుంపులో అందరికీ ఒకటే అవుతుంది."

ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కాని ఈసారి అక్క మాట ఉంది కాబట్టి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడే గాని మొహం ముడుచుకునే ఉన్నాడు. నాలుగు వందల పద్దెనిమిది వరసలు డెబ్భై, ఎనభైకి దిగిపోతుంటే, పంతొమ్మిదేళ్ళ కష్టాన్ని ఎవరో చీపురుతో ఊడ్చేస్తున్నట్టు ఉంది ఆయనకి.

శుక్రవారం ఆ అమ్మాయి కాగితాలు పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. "బాబాయ్, ఇరవై నలుగురిలో ఒక్కరికి మాత్రం మనం చెప్పే దారుల్ని వడకట్టే ఫిల్టర్ వేరే ఉంది. పేరు 'తాత్కాలికం-2'. ఎవరిదో రాయలేదు, ఉత్త నంబరే ఉంది. ఉంచాలా?"

బాబాయి తల ఎత్తలేదు. "పేరులోనే ఉందిగా, తాత్కాలికమని. తీసెయ్."

ఆ పనిలో ఉన్నవాళ్ళెవరికైనా తెలుసు, తాత్కాలికమని పేరు పెట్టిందే కలకాలం ఉంటుంది. బాబాయికి ఇంకా బాగా తెలుసు. ఆ మాట అన్నాక ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది కూడా. ఒక్క నిమిషం ఆలోచిస్తే గుర్తొచ్చేదే. అలకలో ఉన్నాడు, ఆలోచించలేదు.

ఆదివారం ఉదయం ఏడింటికి, ఊరు ఇంకా ఒళ్ళు విరుచుకుంటున్నప్పుడు, ఇద్దరూ కూర్చున్నారు. కిటికీ తెర సగం దించి ఉంది. పక్కగదిలో ఫ్యాన్ల హోరు. ఆ అమ్మాయి స్వెట్టరు వేసుకుని కీబోర్డు మీద కొడుతోంది, బాబాయి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆయన లేనప్పుడు చేయాల్సింది ఆమే కాబట్టి, చేతులు ఆమెవే కావాలని మేనేజరు ఆజ్ఞ. పెద్ద కంపెనీలు రెండూ ఒకదాని తరవాత ఒకటి ఆగి, అర నిమిషంలో లేచాయి. పన్నెండు మంది సమవుజ్జీలూ పేచీ పెట్టకుండా గుంపులో చేరారు. మూడో గుంపులో పద్దెనిమిది మంది అయ్యారు. పంతొమ్మిదోవాడు లేచాడు, పడ్డాడు. మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు.

ఫోన్ మోగింది. ఒకావిడ గొంతు. "అంబులెన్స్ కంట్రోల్ రూమ్ నుంచండీ, నా సెల్లోంచి చేస్తున్నాను. మా ఫోన్లన్నీ ఒక్కసారిగా మూగబోయాయి. మీ వైపు ఏమైనా చేస్తున్నారా?"

అప్పుడు గుర్తొచ్చింది బాబాయికి, అంతా ఒక్కసారే. తొమ్మిదేళ్ళ కిందట అక్కడి టెక్నీషియన్ బతిమాలాడు, మా రౌటరు పాతది సార్, లోకంలో దారులన్నీ పంపితే దానికి జ్ఞాపకం చాలదు, వచ్చే నెల కొత్తది వస్తుందని. అందుకని దానికి పది లక్షల దారుల బదులు "అన్నిటికీ నా మీదుగానే రా" అని ఒకే ఒక్క దారి చెప్పేలా ఫిల్టర్ రాసి, తాత్కాలికమని పేరు పెట్టాడు. టెక్నీషియన్ ఉద్యోగం మారిపోయాడు. కొత్త రౌటరు రానే లేదు. ఇప్పుడు గుంపులో వేసేసరికి అందరితోపాటు దానికీ పది లక్షలూ పోశారు. పసిపిల్లాడి నోట్లో బిందె కుమ్మరించినట్టు అయింది దాని పని.

ముందు ఆయనకి సంతోషమే కలిగింది. దాచి లాభం లేదు, కలిగింది. చూశారా, నేను లేకపోతే ఇంతే, అన్న సంతోషం. అది రెండు క్షణాలు ఉండి ఉంటుంది. ఆ వెంటనే, గుండె పట్టుకుని ఆ నంబరుకి ఫోన్ చేస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, అనిపించింది. అక్క మొహం కళ్ళముందు ఆడింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"లే అమ్మా" అని ఆ అమ్మాయి కుర్చీ పక్కకి నెట్టి, నిలబడే కొట్టాడు. ముందు ఆ పొరుగువాడితో మాటలు ఆపాడు. గుంపులోంచి తీశాడు. పాత ఫిల్టర్ తగిలించి మళ్ళీ మాటలు మొదలుపెట్టాడు. అవతలి డబ్బా తేరుకుని లేవడానికి పట్టిన సమయంతో కలిపి ఆరు నిమిషాలు. వచ్చాయండీ, అంది ఫోన్లో ఆవిడ. ఆ ఆరు నిమిషాల్లో రెండు కాల్స్ పోయాయట, ఇద్దరూ మళ్ళీ చేశారట, ఎవరికీ ఏమీ కాలేదట. బాబాయి ఆ సంగతి మూడుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

ఫోన్ పెట్టేశాక ఆ అమ్మాయి అరవలేదు. అడిగింది అంతే. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి బాబాయ్?"

లేవంటే సరిపోతుంది. మిగిలిన ఐదుగురూ గుంపులో చేరతారు, పని పూర్తయినట్టే, మంగళవారం రైలెక్కొచ్చు. ఉన్నాయంటే, తలలో ఉన్నదంతా బయట పెట్టాలి, ఆదివారం దాటిపోవచ్చు, మేనేజరు సంతకం ఎగిరిపోవచ్చు. గురువారం అక్క ఒక్కతే ఆపరేషన్ గదిలోకి వెళుతుంది. బాబాయి నుదుటి మీది కళ్ళజోడు కిందికి లాక్కున్నాడు.

"ఏడు" అన్నాడు.

సాయంత్రం దాకా ఆయన చెబుతూనే ఉన్నాడు, ఆమె రాస్తూనే ఉంది. ఫలానా కాలేజీవాళ్ళ తీగ వాన పడితే వణుకుతుంది, అందుకని వాళ్ళ మాట వినిపించకపోయినా ఎక్కువసేపు ఓపిక పట్టాలి. ఫలానా బ్యాంకు రెండు రౌటర్లకీ ఒకే సంకేతపదం పెట్టమని ప్రాధేయపడింది. ఇలా తొమ్మిది పేజీలు. కొన్ని చెబుతుంటే ఆయనకే నవ్వొచ్చింది, కొన్నిటికి కారణమే పోయి అలవాటు మిగిలింది. చీకటిపడేసరికి మిగిలిన ఐదుగుర్నీ గుంపులో చేర్చారు. అంబులెన్స్ వాళ్ళకి మాత్రం వేరే గుంపు పెడదామన్నాడు.

"ఒక్కరే ఉంటే గుంపెలా అవుతుంది బాబాయ్?"

"గుంపు పేరు 'పాత రౌటర్లు, ఒక్క దారే' అని పెట్టు. రేపు ఎవరు చూసినా ఎందుకో తెలియాలి. నన్ను అడగక్కర్లేకుండా."

సోమవారం పొద్దున్నే మేనేజరు పిలిచాడు. తప్పెవరిదని అడిగాడు. "నాది" అన్నాడు బాబాయి. "అమ్మాయి అడిగింది. నేనే తీసెయ్యమన్నాను." మేనేజరు తొమ్మిది పేజీలూ తిరగేశాడు. ఇవి తొమ్మిదేళ్ళ కిందటే రాసి ఉండాల్సింది అన్నాడు. అవునన్నాడు బాబాయి. మేనేజరు కాసేపు బుర్ర గోక్కుని సెలవు చీటీ మీద సంతకం పెట్టాడు.

అక్క ఊళ్ళో దిగాక బాబాయికి తెలిసింది, తను చేయడానికి అక్కడా ఏమీ లేదని. ఆస్పత్రి కాగితాలు వరసగా ఫైల్లో ఉన్నాయి. కొట్లో పని పెద్ద టైలరమ్మకి అప్పగించేసింది. భోజనం ఆ టైలరమ్మే పట్టుకొస్తుంది. మందులు నర్సు చూసుకుంటుంది. గురువారం ఆపరేషన్ అయిదు గంటలు పట్టింది. ఆ అయిదు గంటలూ ఆయన వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. ఏ తీగ పట్టుకుని లాగితే లోపల ఏం జరుగుతోందో తెలుస్తుందో ఆయనకి తెలియదు. బయటికి వచ్చిన డాక్టరు బాగానే జరిగిందన్నాడు.

ఆఫీసు నుంచి ఫోన్ రాలేదు. శుక్రవారం రాలేదు, శనివారం రాలేదు. ఆరో రోజుకి ఆయన వల్ల కాలేదు. అక్క నిద్రపోతోందనుకుని తనే చేశాడు, మంచం పక్కనే కూర్చుని, చిన్న గొంతుతో.

"అంతా బాగుంది బాబాయ్" అంది రెండో ఇంజనీరు. "నిన్న ఒక కొత్త పొరుగువాడు వచ్చాడు. మూడో గుంపులో వేశాను. ఒక్క వరసే, నిమిషం కూడా పట్టలేదు. మీరు అక్కని చూసుకోండి."

బాబాయి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. బాధే అనిపించింది.

"ఏమంటార్రా?" అంది అక్క. నిద్రపోలేదు.

"నేను లేకపోయినా నడుస్తోందటే."

అక్క నవ్వబోయి, కుట్లు లాగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆగింది. ఊపిరి సర్దుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"నాకూ నడుస్తుందిరా నువ్వు లేకపోయినా. ముప్పై ఏళ్ళ నుంచీ నడవట్లేదూ! నడవదని పిలవలేదు నిన్ను."

బాబాయి కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు. అక్క కళ్ళు మూసుకుంది, ఈసారి నిజంగానే నిద్రపోయింది. టైలరమ్మ భోజనం తెచ్చేదాకా ఆయన అక్కడే కూర్చున్నాడు.