ఎదురింటి అరుగు మీద కుర్చీ

శనివారం అంటే ఇప్పుడు నాకు కడుపు మండుతుంది. పోయిన చలికాలం దాకా నాకూ అది అందరి శనివారంలాంటిదే.

ఆ చలికాలంలో ఒక శనివారం పనులన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి మీద పడ్డాయి. పొద్దున్నే కొండ మీది ఆంజనేయుడికి ఆకుపూజ, తర్వాత పిండిమర, మధ్యాహ్నం ఎమ్మిగనూరు ప్రయాణం. మా ఆడపడుచు కొడుకు పెళ్లికి పెట్టే బట్టలు ఆ రోజే కొనాలట, మళ్లీ ముహూర్తం లేదట. ఈ హడావిడిలో ఆదోని బజారులోని మందుల అంగడి నుంచి ఫోను వచ్చింది.

"అమ్మా, మీ చక్రాల కుర్చీ వచ్చినాది. ఈ పొద్దే తీస్కపోండి. రేపు అంగడి మూస్తాం. ఈడ పెట్టుకునేకి జాగా లేదు."

కుర్చీ మా అత్తకు. దసరా ముందు నుంచే ఆమెకు కాళ్లు స్వాధీనం తప్పాయి. గోడ పట్టుకుని మంచం నుంచి స్నానాల గది దాకా పోవడమే గగనం. మాది పత్తి వ్యాపారం చేసే ఇల్లు. వీధి తలుపు దగ్గర కూర్చుని వచ్చే రైతునీ పోయే హమాలీనీ పలకరించడమే ఆమె బతుకు. అలాంటి మనిషి మూడు నెలలుగా ఎండ మొహం చూడలేదు. "నన్నొక్క గడియ ఎండలో కూర్చోబెట్టు తల్లీ, ఇంగేం అడగను" అని రోజూ నా కొంగు పట్టుకునేది. అంతకు మించి ఆమెకు ఏ కోరికా లేదు.

గుడి నుంచి మా ఆయన్నీ పాపనీ ఇంటికి పంపి, నేనే కుర్చీని ఆటోలో వేయించుకుని వచ్చాను. ఆటో ఆగీ ఆగకముందే ఆయన గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"శనివారం ఇనుము ఇంట్లోకి తెచ్చేదా? తెలిసీ తెలిసీ?"

"అది కుర్చీ. గడ్డపార కాదు."

"సక్రాల్లో ఉండేది ఇనుమే గదా. మా నాయన శనివారం పూట కాటా తెచ్చినాడు. ఆ యేడే పత్తి మునిగింది."

పత్తి మునగడానికి కాటా ఎందుకు, ఒక్క వాన చాలదూ అన్నాను. అంతే, ఒంటికాలి మీద లేచాడు. చదువుకున్నవాడే. ఫోనులో ప్రపంచంలోని పత్తి ధరలన్నీ చూస్తాడు. అయినా గడప దగ్గరికొచ్చేసరికి వాళ్ల నాయన కాలంలోనే ఉంటాడు.

లోపలి నుంచి అత్తే సర్దిచెప్పింది. "వాణ్ణేమీ అనాకమ్మా. నేను నేర్పించిందే అది. ఒక్క దినమే గదా, రేపు తెచ్చుకుందాం."

ఎదురింటివాళ్లు ముస్లింలు, వాళ్లకు ఈ పట్టింపు లేదు. "మా అరుగు మీద పెట్టండక్కా, దానికేముంది" అంది ఆ ఇంటామె. కుర్చీ అక్కడికి చేరింది. మా పాప ఎక్కి కూర్చుని చక్రాలు అటూ ఇటూ తిప్పుతుంటే, కిటికీలోంచి చూస్తూ అత్త చిన్నపిల్లలా నవ్వింది.

"మెత్తగుండాదా పాపా?"

"శానా మెత్తగుంది అవ్వా!"

అరుగు నిండా ఎండ. ఇద్దరం పట్టుకుని ఆమెను ఎత్తుకెళ్లి అక్కడే కాసేపు కూర్చోబెడదాం అన్నాను. "వచ్చినాంక సూద్దాం లే, బస్సు పోతాది" అన్నాడు మా ఆయన. వచ్చేసరికి ఎండ ఎక్కడుంటుంది? నా మాట ఎవరు విన్నారు గనక.

బయలుదేరేటప్పుడు అత్త నా చెయ్యి పట్టుకుంది. ఆమె పుట్టిల్లు ఎమ్మిగనూరు. "మా ఊరి నేత దుప్పటి ఒకటి తేమ్మా. కుర్చీలో కూర్చున్నప్పుడు మోకాళ్ల మీద కప్పుకుంటా" అంది. ఆమెకు అన్నం పెట్టి, పడుకోబెట్టి, ఎదురింటామెకు చూస్తుండమని చెప్పి, పాపను తీసుకుని వెళ్లాం.

ఎమ్మిగనూరులో నా తల ప్రాణం తోకకొచ్చింది. ఏ చీర పట్టుకున్నా ఫోను వీడియోలో చూస్తున్న మా ఆడపడుచు మూతి విరుపే. ఈ రంగు వద్దు, ఆ అంచు వద్దు. దుప్పటి మాత్రం ఒక్క చూపులో తీసుకున్నాను. పాల రంగు, సన్నటి ఎర్ర అంచు. దాన్ని సంచిలో పెట్టకుండా ఒళ్లోనే పెట్టుకుని బస్సెక్కాను. సగం దారిలో ఫోను మోగింది.

"అక్కా, బిరీన రాండి. పెద్దమ్మ పడింది."

ఎదురింటామె ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి మిద్దె ఎక్కిందట. పైనుంచి చూస్తే మా అత్త తలుపు పట్టుకుని నిలబడి ఉంది. కేక వేసేలోపే బండ గడపకు కాలు తట్టుకుని వీధి మెట్ల మీద పడిపోయింది. పరుగెత్తుకొచ్చి లేపబోతే, అంత నొప్పిలోనూ అన్నదట: "కుర్చీ లోపలికి రాగూడదు గానీ, నేను బయటికి పోగూడదని యాడుండాదే?"

తుంటి ఎముక విరిగింది. ఆపరేషనుకు గుండె తట్టుకోదు, ఇక కూర్చోబెట్టొద్దు, పడకే అన్నాడు డాక్టరు. మా ఆయన ఆసుపత్రి వరండాలో గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ పూర్తిగా కలగడం లేదు. మరుసటి రోజు ఆయనే వెళ్లి కుర్చీని భుజాన పెట్టుకుని తెచ్చాడు. ఆదివారం కదా, దోషం లేదు! ఆమె కంట పడకుండా నడింట్లో ఒక మూల పెట్టాం. ఉతికిన బట్టలు దాని మీదే పడేస్తున్నాం.

అత్త మతి ఆ రోజు దగ్గరే నిలిచిపోయింది. కాళ్ల మీద ఎర్రంచు దుప్పటి. పొద్దున కిటికీలోంచి ఎండ మంచం కోడు దాకా వచ్చి, పైకెక్కకుండానే వెళ్లిపోతుంది. కళ్లు తెరవగానే నన్ను అడుగుతుంది.

"ఈ పొద్దు యే వారమమ్మా?"

మొదట్లో ఉన్నదే చెప్పేదాన్ని. సోమవారం అంటే, "అట్లయితే కుర్చీ తేండి, ఎండలో కూర్చుంటా" అని లేవబోయి, నొప్పికి ఇల్లు దద్దరిల్లేలా అరిచేది. ఆ అరుపు నేను భరించలేకపోయాను.

"శనివారం అత్తా" అంటున్నాను ఇప్పుడు, రోజూ.

"అట్లనా? అయితే రేపు" అంటుంది. దుప్పటి మోకాళ్ల మీదికి లాక్కుని మళ్లీ కళ్లు మూసుకుంటుంది.