ఆసుపత్రిలో ఆరు ఆదివారాలు

కెనడాలోని హాలిఫాక్స్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో మా తెలుగు క్రైస్తవ సహవాసం ఆదివారం ఉదయాలు ఒక పాత చర్చి బేస్‌మెంట్‌లో జరిగేది. పాతికమందిమి ఉండేవాళ్లం, దాదాపు అందరం స్టూడెంట్లమే. కొందరు కాఫీ షాపు యూనిఫాంలోనే వచ్చి, పాటలవగానే షిఫ్టుకి పరుగెత్తేవాళ్లు. సహవాసం నడిపించే ఆయన ఓడరేవులో ఇంజనీరు. మా అందరికీ ఆయన అంకుల్.

నా చదువు అయిపోవచ్చే సమయంలో ఒక వారం అంకుల్ ఒక సంగతి చెప్పారు. ఈ ఊళ్లోనే చాలా ఏళ్లు డాక్టరుగా చేసి రిటైరైన తెలుగు పెద్దాయన ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు. పక్షవాతం వచ్చాక ఆయనకి ఇంగ్లీషు పోయి తెలుగొక్కటే మిగిలింది. ఇక్కడే పుట్టి పెరిగిన కూతురికి తెలుగు అంతంతమాత్రం.

"వాళ్లు హిందువులు. ప్రసంగాలేం చెయ్యొద్దు. ఎవరైనా వెళ్లి కాసేపు మాట్లాడితే చాలు," అన్నారు అంకుల్.

పదిహేడేళ్లప్పుడు చీరాలలో ఉజ్జీవ సభల్లో లేచి నిలబడి, రోగుల మధ్య సేవ చేస్తానని దేవుడికి మాటిచ్చినదాన్ని నేను. ఆ తర్వాత అందరితోపాటు ఇంజనీరింగ్‌లో చేరిపోయాను. అంకుల్ చెబుతుంటే నన్నే పిలుస్తున్నట్టనిపించింది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కాను.

"ఏ ఊరమ్మా మీది?" అని అడిగారు పెద్దాయన. మాట ముద్దగా వస్తోంది.

"చీరాలండి."

"అయితే నా మాట అర్థమవుతుంది నీకు. ఈ మడమ చూడమని చెప్పమ్మా వీళ్లకి. నాలుగు రోజులుగా చెప్తాండా."

నర్సుకి చెప్పాను. మేజోడు తీసి చూస్తే మడమ మీద పుండు. ఆయన మతి తప్పి ఏదో గొణుగుతున్నారని అప్పటిదాకా అనుకున్నారట.

అలా ఆరు ఆదివారాలు వెళ్లాను. ఆయన అనంతపురం కబుర్లు చెప్పేవారు, నేను వినేదాన్ని. ఒకసారి ఆయనే అన్నారు: "నువ్వు ప్రార్థన చేసుకుంటావు గదా, చేసుకోమ్మా. నా దేవుణ్ణి నేను తలుచుకుంటా." ఇద్దరం కళ్లు మూసుకున్నాం.

రోగులకి ధైర్యం చెప్పడమే ఉద్యోగంగా ఉన్న ఒకావిడ ఆ వార్డుకి వచ్చేది. ఆరో వారం నన్ను పక్కకి పిలిచి, ఈ పనికి ట్రైనింగ్ ఉంది, అప్లై చెయ్యి, నీ కోసం లెటర్ నేను రాస్తాను అంది. తిరిగొచ్చే బస్సులో నాకు స్పష్టంగా తెలిసిపోయింది, దేవుడు పిలుస్తున్నది ఈ పనికేనని. సందేహమేదైనా మిగిలి ఉంటే ఇవాళ ఇంత బాధ ఉండేది కాదు.

ఆ వారమే ఎక్కడో దూరాన ఉన్న వాటర్లూ అనే ఊరి నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆఫర్ వచ్చింది, వెంటనే చేరమన్నారు. అందులో చేరితే పీఆర్‌కి, అంటే ఈ దేశంలోనే స్థిరపడే అనుమతికి, దారి సాఫీగా ఉంటుంది. ట్రైనింగ్ సంగతి దేవుణ్ణి అడగడం మానేశాను, జవాబు తెలుసు కనుక.

"అప్లై చేశావామ్మా?" అని, ట్రైనింగ్ సంగతి నా నోటే విన్న అంకుల్ అడిగితే, "ఇంకా ప్రార్థనలో పెట్టానంకుల్," అన్నాను. అది అబద్ధం.

తర్వాతి ఆదివారం సహవాసంలో సాక్ష్యం కూడా చెప్పాను. ఈ ఉద్యోగంతో దేవుడే నాకు తలుపు తెరిచాడన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అంకుల్ కొట్టలేదు, తల వంచుకుని కూర్చున్నారు. ఆ మధ్యాహ్నమే నా ఫ్లైటు. పెద్దాయనకి చెప్పి వెళ్లడానికి ముందురోజు శనివారం టైముండింది. ఆయన మొహం చూస్తే వెళ్లలేనేమోనని భయపడి మానుకున్నాను.

వాటర్లూ వచ్చాక ఆయన కూతురు రెండుసార్లు ఫోన్ చేసింది. ఆదివారం వస్తే నాన్న తల దువ్వమంటున్నారు, గుమ్మం వైపే చూస్తున్నారు అంది ఇంగ్లీషులో. వీడియో కాల్ చేస్తానన్నాను. ఒక్కసారి చేశాను. ఆ తర్వాత పని ఎక్కువైంది.

ఫిబ్రవరిలో ఆయన పోయారు. అంత్యక్రియలైన వారానికి ఆ అమ్మాయి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. చివరి రోజుల్లో నాన్న ఒకే మాట పదే పదే అన్నారు, అర్థం చెప్తారా అని. ఆ మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. 'ఉక్క'.

ఏదైనా తియ్యటి అర్థం కల్పించి చెప్దామనుకున్నాను. కానీ అప్పటికే ఒక అబద్ధం ఆడి ఉన్నాను. గాలాడక ఒళ్లంతా వేడెక్కినట్టుంటే మనవాళ్లు అలా అంటారని రాశాను.

కాసేపటికి జవాబు వచ్చింది. "ఆయన కదిలినప్పుడల్లా చలేస్తోందనుకుని దుప్పట్లు కప్పాం."

పీఆర్ వచ్చింది. ఇప్పుడు కాల్గరీలో ఉంటున్నాను, మంచి ఉద్యోగమే. రెండేళ్ల క్రితం అంకుల్‌కి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. దేవుడు క్షమించాడమ్మా, నమ్ము అన్నారు. నమ్ముతున్నాను. ఆ ట్రైనింగ్‌కి ఇప్పుడు అప్లై చెయ్యకూడదా అని కూడా అడిగారు. చేస్తానని ఆయనకి మాటివ్వలేకపోయాను.