సీసా మీది గీతలు

మా మావగారు పోయి ఇవాళ్టికి మూడు వారాలు. సన్నీవేల్‌లో మమ్మల్ని పలకరించడానికి వచ్చినవాళ్లంతా "కన్నకూతురిలా చూసుకున్నావు" అని నన్ను మెచ్చుకుని వెళ్తున్నారు. నాకు తల ఎత్తబుద్ధి కావడం లేదు. ఆఖరి ఏడు నెలలూ నేనాయన్ని అనుమానించాను. ఆ మాట దాచి ఆయన గురించి ఏం రాసినా అబద్ధమే అవుతుంది.

ఆయన రిటైరైన ఎక్సైజ్ ఇన్‌స్పెక్టరు. విశాఖ మన్యంలో గంజాయి పట్టుకోవడంలోనే సగం సర్వీసు గడిచింది. అలాంటి మనిషికి, క్యాన్సర్ వచ్చి కీమో అయ్యాక, అరికాళ్ల మంటలు పట్టుకున్నాయి. దుప్పటి తగిలినా విలవిల్లాడేవారు. ఏ మాత్రా పనిచేయలేదు. చివరికి డాక్టరు గంజాయి చుక్కల మందుకు చీటీ రాసిచ్చాడు. కాలిఫోర్నియాలో అది మామూలే.

"ఎన్ని చుక్కలు?" అని మావగారు అడిగితే, ఒక్కో ఒంటికి ఒక్కో మోతాదు సరిపడుతుందని, ఒక్క చుక్కతో మొదలుపెట్టి రోజూ రాసుకుంటూ చూడమని డాక్టరు చెప్పాడు.

కార్‌లో కూర్చోగానే ఆయన, "మనిషికో మోతాదంటే, ఆయనకీ తెలీదనేగా అమ్మాయ్?" అన్నారు.

ఇంటికొచ్చి డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి, సీసా పెట్టి, పంచనామా రాశారు. సీలు ఎలా ఉంది, రంగేమిటి, వాసనేమిటి, అన్నీ రాసి సాక్షులుగా నా చేతా మా ఆయన చేతా సంతకాలు పెట్టించారు. ఆ తర్వాత కొన్న ప్రతి సీసాకూ ఇదే తంతు. ఆయన అనుమానం సీసా మీద. నా అనుమానం ఆయన మీద, మత్తుకి అలవాటు పడిపోతారేమోనని. ఇంట్లో మా ఎనిమిదేళ్ల పాప ఉంది మరి.

నోట్‌బుక్‌లో గళ్లు గీసుకున్నారు. ఎన్ని చుక్కలు, ఎన్నింటికి, ఏం తిన్నాక, మంట ఎంత, నిద్ర ఎంత. చివరి గడి పేరు 'కోపం'. ఖాళీ కడుపున రెండు చుక్కలకే కళ్లు తిరిగాయి. నాలుగు వేసుకున్న రోజు వాతావరణ వార్తలకు కూడా నవ్వారు. నెల తిరిగేసరికి లెక్క కుదిరింది: పెరుగన్నం తిన్నాక మూడు చుక్కలు. మర్నాడు తన మేజోళ్లు తనే తొడుక్కుని పార్కు దాకా నడిచొచ్చారు.

సంతోషించాల్సింది పోయి నేను మరింత కంగారుపడ్డాను. ఎన్నడూ లేనిది కూనిరాగాలు తీస్తున్నారు. మూడేనా, ఇంకా ఎక్కువా? ఆయన స్నానానికి వెళ్లినప్పుడల్లా సీసాను వెలుగుకి పట్టి, మందు ఎక్కడిదాకా ఉందో లేబుల్ అంచున బాల్‌పెన్‌తో సన్నగా గీసేదాన్ని. నోట్‌బుక్‌తో సరిచూస్తే ప్రతిసారీ సరిపోయేది. సరిపోతే, నూనె కలిపి నింపుతున్నారేమోనని ఇంకో అనుమానం.

ఒకరోజు మేజోడు పైకి లాక్కుంటూ చెప్పారు. "మన్యంలో ఓ ముసలమ్మ కొంగులో పిడికెడు ఆకు దొరికిందమ్మా. 'కీళ్ల నొప్పులకి బాబూ' అంది. నేను నమ్మలేదు. పంచనామాలో ఆ ముక్క రాయనూ లేదు."

నేను రెండో మేజోడు అందించాను.

"అనుమానించడం తప్పు కాదమ్మాయ్, అది మా డ్యూటీ. అవతలి మనిషి మాట రాయకపోవడం తప్పు" అన్నారు.

ఆ తర్వాత రెండు నెలలకు, ఓ పొద్దున ఊపిరందక ఆంబులెన్స్ ఎక్కారు. ఆయన వెంట మా ఆయన వెళ్లారు. నేను లోపలికొచ్చి చేసిన మొదటి పని, ఎక్కువ వేసుకున్నారేమోనని సీసా తీసి గీత గీయడం. మూడు చుక్కలే తగ్గాయి. ఆయన తిరిగి రాలేదు.

నిన్న ఆయన అలమర సర్దుతుంటే ఆ సీసా దొరికింది. పారేసే ముందు కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. నేను దొంగచాటుగా గీసిన ప్రతి గీత పక్కనా చీమతలంత అక్షరాలతో ఆయన పొడి సంతకం, తేదీ ఉన్నాయి. అన్నీ తెలిసే, ఒక్కనాడూ నన్ను అడగలేదు.

అన్నిటికంటే కింద, ఆంబులెన్స్ వెళ్లిన పొద్దున నేను గీసిన గీత ఉంది. దాని పక్కన సంతకం లేదు.