గొళ్ళెం లేని తలుపు

నిప్పులక్క ఒకసారి మెరక వీధి మగవాళ్ళందరినీ పట్టపగలు తువ్వాళ్ళతో నడిరోడ్డున నిలబెట్టింది. సరే, అందరినీ అంటే కాస్త ఎక్కువే. తువ్వాలుతో వచ్చింది రిటైర్డ్ ఆఫీసరు ఒక్కడే. మిగతావాళ్ళు ఇంట్లో వేసుకునే పాత నిక్కర్లలో ఉన్నారు. ఆ తువ్వాలు కూడా మరీ చిన్నదేమీ కాదు. ఆమె కోపం విషయంలో మాత్రం తగ్గించి చెప్పడానికేమీ లేదు.

ఆమెది ఇస్త్రీ పని. పల్లపు సందు మొదట్లో నాలుగు చక్రాల బల్ల, దాని మీద దుప్పటి మడత, బొగ్గుల పెట్టె. పెట్టెలోని నిప్పుల వల్ల ఆ పేరు వచ్చిందని ఆమె అనేది. నోటి వల్ల వచ్చిందని అత్త అనేది. మొగుడు లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు. ఉన్న ఒక్క గదిలో ఆమె, అత్త, మెరక వీధి వాళ్ళ బట్టల మూటలు. అందులో మంచి చోటు మూటలదే.

నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ఆ పల్లంలో ఎవరిని ఉంచాలో మెరకకి బాగా తెలుసని మాత్రం అనలేదు. పూర్వం వాన నెలంతా పంచుకుని కురిసేది. ఇప్పుడు నెల వానా ఒక్క పూటలో కుమ్మరించి పోతోంది. మెరక వీధి వాళ్ళేమో కార్లకి బురద అంటకూడదని గోడ నుంచి గోడ దాకా సిమెంటు పోయించుకున్నారు. ఒక్క చుక్క ఇంకదు. అంతా జారి సందులోకే.

అందుకని వరద ఆశ్రయం కట్టారు. సందు వాళ్ళ పేరు మీదే మంజూరైంది, సందు వాళ్ళనే వరసగా నిలబెట్టి ఫొటో తీశారు. కట్టింది మాత్రం మెరక వీధిలో, ఎత్తుగా ఉంటుందని. అదీ సబబే. తాళంచెవి వీధి సంఘం కార్యదర్శి జేబులోకి పోయింది. అది సబబు కాదని అప్పుడెవరికీ తోచలేదు. కొన్నాళ్ళకి లోపల షటిల్ ఆటకి నెట్ కట్టారు, దొంతరగా కుర్చీలు చేరాయి.

మొదటి పెద్ద వాన మధ్యాహ్నం పడింది. పొయ్యి మీది గిన్నె దించేలోపల నీళ్ళు మోకాళ్ళు దాటాయి. నిప్పులక్క అత్తను వీపున వేసుకుని మెరక ఎక్కింది. ఆశ్రయానికి తాళం. గుమ్మం పైన జానెడు సిమెంటు పలక ఉంది గాని, వాన ఏటవాలుగా కొడుతోంది. ఆమె రాయి అందుకుంది.

ఎదురు మేడ మీంచి రిటైర్డ్ ఆఫీసరు అరిచాడు. "ఏయ్, ఏం చేస్తున్నావమ్మా? అది పబ్లిక్ ప్రాపర్టీ. పగలగొడితే కేసవుతుంది."

"మా అత్త తడిసిపోతోందండీ!"

"కార్యదర్శి గారికి ఫోన్ చేశాంలే. దార్లో ఉన్నారు. కాస్త ఓపిక పట్టాలి."

ఆమె రాయి కింద పెట్టేసింది. పెద్దమనిషి చెబితే వినడం చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు. కార్యదర్శి వచ్చేసరికి వాన కూడా అలిసిపోయింది. అత్తకి చలికి కాళ్ళూ చేతులూ కొంకర్లు పోయాయి, నోరు మాత్రం పోలేదు. కిటికీలోంచి తొంగి చూసి, "కుర్చీలకి జలుబు చేస్తుందని తాళమేశారు కాబోలే," అంది.

ఆ రోజు పట్టుకున్న దగ్గు ఆవిడను మంచానికి అతికించేసింది. మర్నాడు మెరక వీధి వాళ్ళు ముక్కులు మూసుకుని ఒక్కొక్కరే వచ్చారు. "మా చొక్కాలు తడవలేదు కదా?" అని అడిగారు. ముసలావిడ ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు. నిప్పులక్క బురద కంపు కొడుతున్న చొక్కాలన్నీ మళ్ళీ ఉతికి, మళ్ళీ ఇస్త్రీ చేసి ఇచ్చింది. చేస్తున్నంతసేపూ పళ్ళు కొరుకుతూ తిట్టింది, వాళ్ళకంటే ఎక్కువగా తనని. రాయి దించింది తన చెయ్యే కదా.

ఆ తర్వాత ఆశ్రయంలో సభ పెట్టారు. మారుతున్న వాతావరణాన్ని కలిసికట్టుగా ఎదుర్కొందామని గోడకి బ్యానరు. మెరక వాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు, సందు వాళ్ళు గోడవారగా నిలబడ్డారు. నిప్పులక్క ముందుకొచ్చింది.

"తాళంచెవి ఒకటి మా సందులో ఉంచండి, సార్."

కార్యదర్శి నవ్వాడు. "మనలో మనకి తేడా ఏముందమ్మా? అందరం సమానమే. మా దగ్గరుంటే మీ దగ్గరున్నట్టే."

"అయితే మా దగ్గరే ఉంచండి. మీ దగ్గరున్నట్టే అనుకోండి."

గోడవార కిసుక్కుమన్నారు. కుర్చీల్లో ఎవరూ నవ్వలేదు. "దేనికైనా ఒక పద్ధతుంటుందమ్మా," అని కార్యదర్శి టీలు తెమ్మన్నాడు.

ఆ కార్యదర్శే కూతురి పెళ్ళి పొరుగూళ్ళో పెట్టుకుని, ముందు రోజే తాళంచెవితో సహా వెళ్ళిపోయాడు. పెళ్ళినాడు వీధంతా ఒకే బస్సులో బయల్దేరాలి. వీధంతా వేసుకోవలసిన బట్టలు నిప్పులక్క గదిలో ఉన్నాయి. పొద్దున్నే ఫోన్లన్నీ ఒకేసారి కుయ్యిమన్నాయి. మధ్యాహ్నం భారీ వర్షం, పల్లపు ప్రాంతాల వాళ్ళు ఆశ్రయాలకు వెళ్ళండి.

"ఎక్కడికి వెళ్ళమంటావురా? మీ కార్యదర్శి జేబులోకా?" అంది నిప్పులక్క, ఫోనుతోనే.

మంచం మీంచి అత్త దగ్గు ఆపుకుంటూ అంది. "నన్ను మళ్ళీ ఆ గుమ్మంలో కూర్చోబెట్టకే. ఇక్కడే మునుగుతాను. ఈ మంచమైనా నాది."

నిప్పులక్క మూటలన్నీ బల్ల మీద పేర్చుకుని మెరక ఎక్కింది. ఆశ్రయం వెనక కిటికీకి రెక్క ఊడి చాలాకాలమైంది, ఊచలు మాత్రం గట్టివి. మనిషి పట్టడు గాని మడత పెట్టిన చొక్కా పడుతుంది. చొక్కాలు, ప్యాంట్లు, పట్టు బట్టలు, ఒక్కొక్కటే లోపలి కుర్చీల దొంతర మీదికి జారవిడిచింది. ఒక్క మడతా చెదరలేదంటారు. ఆ ముక్క మాత్రం నమ్మకండి.

బస్సు హారన్ కొడుతుండగా మెరక వీధి సందులోకి దిగింది. స్నానాల గదిలోంచి నేరుగా వచ్చిన ఆఫీసరు అందరికంటే ముందున్నాడు.

"మా బట్టలేవి?"

"వాన వస్తోందిగా, సార్. మా గదిలో ఉంటే తడుస్తాయని ఆశ్రయంలో పెట్టాను."

"దానికి తాళం ఉంది కదా!"

"ఉందండీ. కార్యదర్శి గారికి ఫోన్ చెయ్యండి. కాస్త ఓపిక పట్టాలి."

అంతా ఆశ్రయం వైపు పరుగు తీశారు. ఒక చేత్తో తువ్వాలు పట్టుకుని, రెండో చేత్తో రాయి చూపించింది ఆఫీసరే. బస్సు డ్రైవరు రెండు దెబ్బలు వేశాడు. తాళం ఊడి కింద పడింది.

నిప్పులక్క నవ్వుదామనే వెనకాల వచ్చింది. నవ్వు రాలేదు. రెండే దెబ్బలు! ఆనాడు తను ఎత్తిన రాయి ఇంతకంటే పెద్దది. గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇది పబ్లిక్ ప్రాపర్టీ కదండీ?"

"జరుగమ్మా, బస్సు వెళ్ళిపోతుంది," అన్నాడు ఆఫీసరు.

"కేసవదా?"

"అదీ ఇదీ ఒకటేనా? ఇప్పుడు అవసరం పడింది."

"మా అత్తది అవసరం కాదా? ముసల్ది వానలో గజగజలాడుతుంటే మేడ మీంచి చూస్తూ నిలబడ్డారు. మీ లాగుల కోసం మాత్రం రెండు దెబ్బల్లో పగిలిందే! లాగుకున్నపాటి విలువ మనిషికి లేదా? థూ!"

ఆఫీసరు బదులు చెప్పబోయాడు. అప్పుడే తువ్వాలు జారబోయింది. మాటనీ తువ్వాలునీ ఒకేసారి పట్టుకోలేక తువ్వాలునే పట్టుకున్నాడు.

బట్టలన్నీ లెక్కగా ఇచ్చి పంపేసింది. తర్వాత సందులోకి కేక వేసింది. వాన మొదలయ్యేసరికి అత్త మంచంతో సహా లోపలికి చేరింది, వెనకాలే సందంతా గిన్నెలతో, పరుపులతో. అత్త పట్టుబట్టి ఒక కుర్చీలో కూర్చుని చూసింది. "మెత్తగా కూడా లేదే. ఇంతోటిదానికా తాళం?"

కార్యదర్శి పెళ్ళి నుంచి తిరిగొచ్చి ఇంకా పెద్ద తాళం తెచ్చాడు. తలుపుకి గొళ్ళెం లేదు. మేకులున్న చోట చిల్లులున్నాయి. గుమ్మం పక్కనే ఇస్త్రీ బల్ల ఉంది.

"గొళ్ళెం ఏదమ్మా?"

"నేను బట్టలు ఇస్త్రీ చేసేదాన్ని, సార్. గొళ్ళేల సంగతి నాకేం తెలుసు?"

కొత్తది వేయించాడు. అదీ మాయమైంది. ఇంకోటి వేయించబోతే వడ్రంగి రానన్నాడు. అతనిల్లూ సందులోనే. చేసేది లేక కార్యదర్శి ఊరుకున్నాడు. ఇప్పుడు పొడి రోజుల్లో అక్కడ షటిల్ ఆడతారు, మబ్బు పట్టగానే నెట్ వాళ్ళే విప్పుతారు. నిప్పులక్క కోపం మాత్రం చల్లారలేదు. మెరక మీది సిమెంటు అలాగే ఉంది, నీళ్ళు ఇప్పటికీ సందులోకే దిగుతున్నాయి. తలదాచుకునే చోటు దొరికింది గాని మునగడం తప్పలేదు. ఇప్పుడు సభల్లో ఆమె ముందు కుర్చీలో కూర్చుని ఆ సిమెంటు గురించే అరుస్తుంది.

ప్రభుత్వ ఆస్తి ఎవరు పగలగొట్టారని పై ఆఫీసు నుంచి ఒకాయన విచారణకి వచ్చాడు. ఊళ్ళో విన్నదంతా ఆమెకి వినిపించాడు. ఆమె పెట్టె మీంచి తల ఎత్తలేదు.

"తాళమా? ఆ తలుపుకి తాళం ఎప్పుడుందండీ? పెళ్ళి బస్సూ లేదు, తువ్వాలూ లేదు. కిటికీ ఊచల్లోంచి ఇస్త్రీ బట్టలు దూరుస్తానా, నాకేమైనా పిచ్చా? ఎవరో పనిలేని ముసలాయన అల్లి ఉంటాడు. ఒక్క ముక్క నిజం లేదు. జరగండి, చెయ్యి కాలుతుంది."