కోరస్‌లో నాలుగో అమ్మాయి

మెసయీద్ అనే ఎడారి ఊళ్ళో కంపెనీ ఇచ్చిన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకు ఊపిరాడినట్టుండేది కాదు. కిటికీ తీస్తే ఎరువుల ఫ్యాక్టరీ వాసన, మూస్తే ఏసీ హోరు. మాట్లాడుకోవడానికి పక్కింటావిడ ఒక్కతే మిగిలింది. యూరప్‌లో కొత్తగా విడిపోయి, విడిపోయిన పాపానికి యుద్ధంలో పడ్డ ఓ చిన్న దేశం ఆమెది. భర్త మావారితోపాటే షిఫ్టు ఇంజనీరు.

ఆమె చెల్లెలు శత్రువులు చుట్టుముట్టిన ఊళ్ళో చిక్కుకుపోయింది. ఫోన్లు తెగిపోయి నెలలైంది. ఆఖరిసారి మాట్లాడినప్పుడు ఆ పిల్ల ఓ కబురు చెప్పిందట. యూరప్ దేశాల పాటల పోటీకి తమ దేశం మొట్టమొదటిసారి వెళ్తోందనీ, కోరస్ పాడే నలుగురిలో తనూ ఉందనీ. అది మొదలు పక్కింటావిడకి ఆ పాటే లోకం. పాడాలంటే చెల్లెలు ఊరు దాటాలి, దాటితే బతికినట్టే. ఆమె ఆశంతా దానిమీదే.

పోటీ అయిపోయిన కొన్ని వారాలకి, సెలవు నుంచి తిరిగొచ్చిన కంపెనీ మనిషి ఒకాయన వీడియో క్యాసెట్ తెచ్చిచ్చాడు. ఆ శుక్రవారం మధ్యాహ్నం దాన్ని రెండు చేతులా పట్టుకుని ఆమె మా ఇంటికొచ్చింది. భర్త డ్యూటీలో ఉన్నాడట. ఒక్కదాన్నే చూడలేనంది.

విజిట్ వీసా మీద వచ్చిన మా అత్తగారు మా మధ్య కూర్చున్నారు. ఆవిడకి తెలుగు తప్ప రాదు. అందరి మాటలూ అటూ ఇటూ చేరవేసే పని నాది. సంగతంతా విని ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకొచ్చారు.

"అన్ని దేశాల వాళ్ళూ చూశారంటున్నావు. ఎంత దిష్టి తగిలుంటుందే పిల్లకి?"

మా అత్తగారి లెక్కలో లోకంలోని సగం జబ్బులు దిష్టి వల్ల వస్తాయి, మిగతా సగం ఏసీ వల్ల.

పాట మొదలైంది. మాటలు నాకు అర్థం కాలేదు కానీ అందులోని ఏడుపు తెలిసింది. ముందు గాయకుడు, వెనక నల్ల గౌన్ల అమ్మాయిలు. అత్తగారు కళ్ళు చికిలించి, చివర నిలబడ్డ పొడుగు పిల్లని చూపించారు.

"అదుగో, అచ్చం అక్క పోలికే. ఆ గడ్డం చూడు."

లేచి టీవీ ముందు గుప్పెట తిప్పడం మొదలుపెట్టారు. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, దేశదేశాల దిష్టి..."

పక్కింటావిడ నవ్వుతుందేమోనని చూశాను. ఆమె తెర వంక చూడటం లేదు, అత్తగారి చేతినే చూస్తోంది. పాట అయిపోయి, టేపులో చప్పట్లు మోగేదాకా కదల్లేదు.

"అమ్మ చెయ్యి మధ్యలో ఆపబుద్ధి కాలేదు," అంది నాతో మెల్లగా ఇంగ్లీషులో. "ఆ అమ్మాయి నా చెల్లెలు కాదు. అక్కడున్నది ముగ్గురే."

టేపు వెనక్కి తిప్పి చూశాను. ముగ్గురే. ఇంకోసారి తిప్పబోతే ఆమె నా చేతిలోంచి రిమోట్ తీసేసుకుంది. అక్కడ నిలబడి పాడగలిగిన ఆ ముగ్గురి మీదా నాకు ఒళ్ళుమండింది. అన్యాయమే, కానీ మండింది.

ఇదేమీ తెలియని అత్తగారు, సాంబ్రాణి కోసం రగిలించిన నిప్పుల మీద మిరపకాయలు వేసేశారు. దిష్టి గట్టిగా తగిలితే ఎన్ని మిరపకాయలు కాలినా ఘాటు రాదని మావాళ్ళ నమ్మకం. తలుపులన్నీ మూసిన ఇల్లు. ముగ్గురం ఉక్కిరిబిక్కిరై దగ్గాం.

అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తృప్తిగా నవ్వారు. "ఇంత ఘాటొచ్చిందంటే ఏ దిష్టీ లేనట్టే. పిల్ల మీద ఒక్కరి కన్నూ పడలేదు."

"అమ్మ ఏమంటున్నారు?" అని అడిగింది పక్కింటావిడ, ఆశగా.

నేను దగ్గుతూనే వెళ్ళి కిటికీ తెరిచాను. ఆ మాట మాత్రం ఆమెకి చెప్పలేకపోయాను.