ఏ బండికని అడగరాదు

సింహాద్రిపురం చుట్టుపక్కల పల్లెల్లో మనిషిని ఏమైనా అడగొచ్చు. పొలమెంత, కూతురికి సంబంధం ఎందుకు తప్పిపోయింది, మొగుడు తాగుతాడా, అన్నీ అడగొచ్చు, అన్నిటికీ జవాబు దొరుకుతుంది. ఏ బస్సుకు పోతున్నావని మాత్రం అడగరాదు. అడిగినా ఎవరూ చెప్పరు. ప్రొద్దుటూరు పోయేవాడు పులివెందుల అంటాడు, పొద్దున పోయేవాడు మాపటికి అంటాడు. ఊరు రెండు పార్టీలై, ఒక్కో పార్టీకి నాలుగు జీపులు వచ్చినప్పటి నుంచి పుట్టిన మర్యాద ఇది. దీన్ని అబద్ధాలాడటం అనేవాళ్లు ముందు ఆ ఊళ్లలో ఒక్క వారం కాపురం చేసి చూడాలి.

కరుణమ్మ ఆ మర్యాద ఒకే ఒక్కసారి తప్పింది.

ఆమె మిషన్ బడి హాస్టల్లో ముప్పై ఏళ్లు గరిటె తిప్పిన మనిషి. భర్త చిన్నతనంలోనే పోతే, తల్లిలేని చెల్లెలు దేవకుమారిని తానే పెంచి, దేవపాలుకిచ్చి పెళ్లి చేసింది. దేవపాలు నెమ్మదస్తుడు. ఆ ఏడు ఎన్నికల్లో పోలింగ్ బూత్‌లో పార్టీ ఏజెంటుగా కూర్చోవడానికి అందరూ వెనక్కి తగ్గితే, తాను కూర్చున్నాడు. ఫలితాలు వచ్చిన మూడో రోజు తెల్లవారి బస్సుకు జమ్మలమడుగు బయల్దేరాడు. అక్కడొక ఇల్లు చూసుకుని భార్యను తీసుకుపోదామని. కరుణమ్మే జొన్నరొట్టెలు, ఊరిబిండి పచ్చడి సద్ది కట్టిచ్చింది. అతను పోయిన కాసేపటికి హాస్టలు ముందు జీపు ఆగింది. అందులోంచి దిగినవాడు చేతులు జోడించి, "వందనాలమ్మా, దేవపాలన్న ఉండాడా?" అన్నాడు. చర్చి గుడిలో పలకరించినట్టే పలకరించాడు. మనవాడే అనుకుంది పిచ్చిది. "ఇప్పుడే జమ్మలమడుగు బస్సుకు పోయినాడు నాయనా" అంది.

ముద్దనూరు చేరకముందే ఆ జీపు బస్సుకు అడ్డం తిరిగింది. విప్పని సద్దిమూట శవంతో పాటే ఇంటికి తిరిగొచ్చింది.

కరుణమ్మ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. పోలీసులకు చెప్పలేదు, పాస్టరుకు చెప్పలేదు. ఆదివారం గుడిలో పాపపు ఒప్పుకోలు దగ్గరికి వచ్చేసరికి అందరి నోళ్లూ పలుకుతుంటే ఆమె నోరు మూతపడేది. దేవకుమారి ఆరు నెలలకే విశాఖపట్నం పోయి ఒక ఆస్పత్రిలో ఆయాగా చేరింది. "అక్కా, ఒకసారి రా, సముద్రం చూపిస్తా" అని పదమూడేళ్లు ఉత్తరాలు రాసింది. చివరికి కరుణమ్మ వారం రోజులకని బయల్దేరింది. సంచిలో చెనక్కాయలు, సీసా నిండా ఊరిబిండి. గుండెలో ఆ మాట. చెప్పకుండా తిరిగి రాకూడదని ఒట్టు పెట్టుకుంది. చెబితే చెల్లెలు దక్కదని కూడా ఆమెకు తెలుసు.

దిగిన పూటే పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చింది. "మీ అక్కగారా అండి? మళ్లీ ఎప్పుడు వెళ్తారు? ఏ బండికి?"

"సోమవారం మధ్యాహ్నం బండికండి, టిక్కెట్టు కూడా తీశాం" అని దేవకుమారి నవ్వుతూ చెప్పేసింది. విన్నవాళ్లు ఎవరన్నా ఉన్నారేమోనని కరుణమ్మ వీధి రెండు వైపులా చూసింది. పదమూడేళ్ల కోస్తా నీళ్లు చెల్లెల్ని ఎంత మార్చాయో అప్పుడర్థమైంది.

ఇక వారమంతా చూడటమే. కైలాసగిరి ఎక్కారు, లైట్‌హౌసు చూశారు. బీచిలో అందరూ అలల వైపు చూస్తుంటే కరుణమ్మ రోడ్డు వైపు తిరిగి కూర్చుని జీపులు లెక్కపెట్టింది. ఒడ్డుకు లాగి నిలబెట్టిన జలాంతర్గామిలో మాత్రం ఆమెకు ప్రాణం కుదుటపడింది. ఆ ఇనుప గదుల్లో గోడ తడుముతూ, "దీంట్లోకి ఎవురూ రాలేరు గదా" అంది. చెల్లెలు వేళాకోళమనుకుని నవ్వింది.

భీమిలి బస్సులో డ్రైవరు వెనక మూడో సీటు కిటికీ పక్కన ఒక తెల్లచొక్కా కూర్చుని ఉంది, ఒళ్లో చిన్న మూట. కరుణమ్మకు ఇది కొత్త కాదు. పదమూడేళ్లుగా ఆమె ఎక్కిన ప్రతి బస్సులో దేవపాలు ఆ సీట్లోనే ఉంటాడు. ఆ మెడ తిరిగి తనను చూస్తుందేమోనని భయం. తర్వాతి స్టాపులో దిగిపోదామని పట్టుబట్టింది. "ఎండకు తల తిరుగుతాందే" అని చెప్పింది. అది కూడా అబద్ధమే. రోజూ చెబుదామని నోరు తెరిచేది, రోజూ వేరే మాట వచ్చేది. తాను తెచ్చిన ఊరిబిండిని చెల్లెలు ఒక్కసారీ ముట్టలేదు. రుచులు మారిపోయాయి కాబోలనుకుంది.

శనివారం దేవకుమారి డ్యూటీకి పోయింది. పదకొండు గంటలకు గుమ్మం ముందు జీపు ఆగింది. తెల్లచొక్కా మనిషి దిగి, "నమస్కారమమ్మా, దేవకుమారి గారు ఉన్నారా? ఎక్కడికెళ్లారు?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

కరుణమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. "ఆ పేరుతో ఈడ ఎవురూ లేరు" అంది.

"ఇదే చిరునామా ఉందమ్మా."

"ఎవురూ లేరంటాంటే. నేనొక్కదాన్నే ఉండేది." తలుపు వేసి గడియ పెట్టింది. జీపు పోయేదాకా తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఈసారి కాపాడుకున్నానని ఆమెకు కన్నీళ్లొచ్చాయి. పదమూడేళ్లలో ఆమె సంతోషంగా ఉన్నది ఆ ఒక్క మధ్యాహ్నమే.

సాయంత్రం దేవకుమారి ఇంటికి రాగానే చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలోనే కూలబడింది. సర్కారు ఇళ్ల జాబితాలో ఆమె పేరెక్కి నాలుగేళ్లయింది. ఆ వచ్చింది విచారణ జీపు. మనిషి ఉంటే సంతకం, లేకపోతే పేరు కొట్టివేత. కొట్టేశామని ఆస్పత్రికి ఫోను చేసి చెప్పారు.

"ఎందుకట్ల చెప్పినావక్కా? నేను లేనని ఎందుకన్యావు?"

కరుణమ్మ గోడ వైపు చూస్తూ చెప్పింది. "ఒకసారి ఉన్నదున్నట్టు చెప్పినా గాబట్టి." జీపు, ఆ మనిషి, వందనాలు, తానన్న మాట, అన్నీ చెప్పింది. ఏడవలేదు. "నన్నేమన్నా అనుమే. పొమ్మంటే ఇప్పుడే పోతా."

దేవకుమారి చెప్పులు విడిచి గోడ వారగా పెట్టింది. తర్వాత అడిగింది. "ఆయన పోయే బస్సు నీకెట్ల తెలిసె?"

"నువ్వే చెప్తివి గదా."

"ఎవురికీ చెప్పొద్దన్యాడు. అక్కకు గూడానా అంటి. అక్కకు గూడా అన్యాడు."  దేవకుమారి కోస్తా మాట ఎటు పోయిందో పోయింది. "ఆకలితో పోతాడే, నువ్వు సద్ది కట్టిస్తావని చెప్పినా. ఆ మాట యాడికి పోయిందోనని ఇన్నేండ్లు అడక్కుండా ఉన్న్యా. అడిగితే తెలిసిపోతాదని."

ఆ తర్వాత ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆదివారం గుడికీ పోలేదు. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొస్తున్నాడు, ఇద్దరి మధ్యా కూర్చున్నట్టే ఉన్నాడు.

సోమవారం పొద్దున కరుణమ్మ లేచేసరికి వంటింట్లో రొట్టెలు తట్టే చప్పుడు. దేవకుమారి ఊరిబిండి సీసా మూత తీసింది. రొట్టెల మీద రాసి, గుడ్డలో మూటకట్టి, అక్క చేతికిచ్చింది.  కరుణమ్మ ఆ మూటను రెండు చేతులా పట్టుకుంది.

టిక్కెట్టు చేతిలో పట్టుకుని ఇద్దరూ గుమ్మం దిగుతుంటే పక్కింటావిడ మొక్కలకు నీళ్లు పోస్తోంది. "బయల్దేరిపోయారా అండి? మధ్యాహ్నం బండికే కదా?"

దేవకుమారి టిక్కెట్టును మెల్లగా కొంగు కిందికి దాచింది.

"లేదండి" అంది. "ఎప్పుడు పోయేదీ ఇంకా అనుకోలేదు."